ఇంజను ఆపేసి వచ్చే దూరం

చింపడం కష్టం కాదు, మొదలుపెట్టడమే కష్టం. కత్తెరతో అంచు దగ్గర చిన్న గాటు పెట్టి రెండు చేతులా పట్టి లాగితే, ఆ తర్వాత నూలు తన దారి తనే చూసుకుంటుంది. అవతలి అంచు దగ్గర మాత్రం ఒక్క క్షణం మొండికేస్తుంది. ఈ నైటీ నాకు ఇంకో ఏడాది వచ్చేదే. భుజాల దగ్గర పలచబడింది గాని ఎక్కడా చిరగలేదు. కానీ పలచబడిన నూలే కారు అద్దాలకి మంచిదట. కొత్త గుడ్డ గీతలు పెడుతుందట, కొట్లో అమ్మే పసుపుపచ్చ గుడ్డలు నూగు వదులుతాయట. ఈ సంగతి మా ఆయన కనిపెట్టిన దగ్గర్నుంచీ నా నైటీలకి ఆయుర్దాయం రాసిపెట్టినట్టయింది. దండెం మీద ఆరేసిన బట్టల దగ్గర ఆగి, అంచుని రెండు వేళ్ళ మధ్య నలిపి, బేరం తెగని మనిషిలా కాసేపు నిలబడి, "ఇది ఇంక వేసుకోవుగా?" అంటాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన నా బట్టల్ని ఇంత శ్రద్ధగా చూసిన గుర్తు లేదు. మొదట్లో ఆ మాటకి ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆ నవ్వు ప్రేమకి గుర్తో అలసటకి గుర్తో నాకు తెలీదు. ఇంతకాలం కలిసి బతికాక ఆ రెండూ ఒకే గిన్నెలో కలిసిపోతాయనుకుంటాను.

వంటింటి కిటికీలోంచి చూస్తే కారు ముక్కు, దాని ముందు గొంతుక్కూర్చున్న ఆయన వీపు కనిపిస్తున్నాయి. సెలవురోజు పొద్దుటిపూట కారు కడగడం ఆయన లెక్కలో పని కాదు. చక్రాలకి ఒక బకెట్టు, ఒంటికి ఒక బకెట్టు. చక్రాల గుడ్డ పొరపాటున ఒంటి బకెట్లో పడిందా, రెండూ పారబోసి మళ్ళీ మొదటికొస్తాడు. ఎక్కడికైనా వెళ్ళి కారు ఆపామంటే, తాళం వేసి నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి చూస్తాడు, మరో నాలుగడుగులు నడిచి మళ్ళీ తాళం నొక్కుతాడు. అది కిచ్‌మంటుంది. ఆ జవాబు వింటే గాని ఆయన నడక మామూలు నడక కాదు. ఎండలో ఆపితే రంగు వెలిసిపోతుంది, చెట్టు కింద ఆపితే పిట్టలు. అంచేత ఆయనకి నీడ కావాలి, చెట్టు మాత్రం ఉండకూడదు. అలాంటి చోటు వెతుక్కుంటూ పోయి, మేం వెళ్ళవలసిన ఇంటికి రెండు వీధుల అవతల కారు పెట్టి, అక్కణ్ణుంచి నడిచి, భోజనాలు సగమయ్యాక చేరిన రోజులున్నాయి. హోటలుకి వెళితే కిటికీ పక్క బల్లే కావాలి. నా ఎదురుగా కూర్చుని నా భుజం మీదుగా బయటికి చూస్తూ తింటాడు. చూసేవాళ్ళకి నావంకే కన్నార్పకుండా చూస్తున్నట్టుంటుంది. పక్కబల్ల ఆవిడ ఒకసారి మురిసిపోయింది కూడా.

అన్నిటికన్నా ముఖ్యం తలుపు. కారు తలుపు వేసే తీరులో మనిషి సంస్కారం తెలిసిపోతుందంటాడు. దగ్గరగా తెచ్చి, అరచెయ్యి ఆనించి, లోపలికి నొక్కాలి. 'ధడేల్' అనకూడదు, 'టప్' అనాలి. మా అత్తగారు కూడా ఈ వయసులో ఆ చదువు చదవక తప్పలేదు. ఆవిడ కారుకి 'చిన్న కోడలు' అని పేరు పెట్టింది. "ఏరా, నా చిన్న కోడలి స్నానం అయిందా? అయితే పెద్ద కోడల్ని నాకు కాఫీ తెమ్మను" అంటుంది. "ఎంత బుద్ధిమంతురాలో, ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతుంది, నోరెత్తదు" అంటుంది. నన్ను పొడవడానికి అనదు పాపం. అనేశాక నావైపు ఓరగా చూస్తుంది, నవ్వానా లేదా అని. నవ్వుతాను. నోరెత్తని విషయంలో పెద్ద కోడలు చిన్న కోడలికి ఏం తీసిపోయిందని.

నా బండిని మాత్రం ఇంట్లో అందరూ 'ముసల్ది' అంటారు. పెళ్ళికి ముందు, ఉద్యోగంలో చేరిన కొత్తలో, రిటైరై వెళ్ళిపోతున్న ఒక నర్సు దగ్గర కొన్నాను. గేర్లూ కిక్కూ ఉన్న పాతకాలం స్కూటరు. దానితో నా వేషాలు ఆయన వేషాలకేం తక్కువ కావు. గతుకు వస్తే సీటుమీంచి కాస్త పైకి లేస్తాను, నా బరువు దాని నడుం మీద పడకుండా. ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి బిగబడతాను, అది దానికేదో సాయమైనట్టు. గోతిలో పడితే "అయ్యో" అంటాను. నాకోసం నేనెప్పుడూ అనుకోని మాట అది. ఇంకొకళ్ళు కాసేపు నడిపి తెచ్చిస్తే ఆ రోజంతా హ్యాండిలు నా చేతికి పరాయిగా తగులుతుంది. ఇవే ఆయన చేస్తే శ్రద్ధ, నేను చేస్తే పిచ్చి. కారు చప్పుడులో ఏదో తేడా వచ్చిందని ఆయన అంటే ఇంట్లో టీవీ కట్టేసి మరీ వింటారు. నా బండి చప్పుడు మారిందని నేనంటే "దానికి వయసు రాలేదూ" అంటారు.

చప్పుళ్ళ సంగతి నాకు కొంచెం తెలుసు. నా ఉద్యోగమే అది. ఆస్పత్రిలో చెవుల విభాగంలో వినికిడి పరీక్షలు చేస్తాను. గోడలకి మెత్తటి పలకలు బిగించిన చిన్న గది ఉంటుంది. మనిషిని లోపల కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తలుపు మూసి, ఇవతల నుంచి ఒక్కో శబ్దం పంపుతాను. వినపడితే వేలెత్తాలి. కొందరు వినపడకపోయినా ఎత్తుతారు. ఇప్పుడు వినపడి ఉండాలి కాబోలు, ఆవిడ ఎదురుచూస్తోంది కాబోలు అని. నన్ను నొప్పించడం ఇష్టం లేక. అలా ఎత్తేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. మా ఆయనకి కూడా ఒకసారి పరీక్ష చేశాను, వంటింట్లోంచి పిలిస్తే పలకడం లేదని అనుమానం వచ్చి. చెవులు నిక్షేపంగా ఉన్నాయి. "నేను చెప్పలా?" అన్నాడు గర్వంగా.

ఆ గదిలో ఉండే నిశ్శబ్దం ఇంకెక్కడా దొరకదు. తలుపు పడగానే కొంతమందికి కళ్ళు చెమరుస్తాయి, ఎందుకో వాళ్ళకే తెలీదు. అంత నిశ్శబ్దం నా చేతికింద ఉంది గాని నేను దాంట్లో ఒక్క పూటా కూర్చోలేదు. రోగులు లేని సమయంలో కొత్త డాక్టరు ఫోను మాట్లాడుకోవడానికి అందులోకి వెళతాడు. నాకన్నా బాగా చిన్నవాడు. "ఒక్క నిమిషం అమ్మాయ్" అని తలుపేసుకుంటాడు. ఆ ఒక్క నిమిషం ఎంతసేపైనా సాగుతుంది. గది అద్దం అవతల చేతులు ఊపుతూ మాట్లాడతాడు, మాట బయటికి రాదు. ఇవతల నేను నిలబడతాను, రోగి వస్తే రోగీ నిలబడతాడు. రిపోర్టు మీద సంతకం ఆయనదే. "బొత్తాలు నొక్కే ఆవిడ దగ్గరికి వెళ్ళి చేయించుకురండి" అని పంపిస్తాడు.

ఇంటికి వచ్చేటప్పుడు మా వీధి మలుపు తిరగగానే ఇంజను ఆపేస్తాను. వీధి మా ఇంటివైపు కాస్త పల్లం. గేరు న్యూట్రల్లో పెట్టి వదిలేస్తే బండి చప్పుడు లేకుండా జారుతూ వస్తుంది. టైర్ల కింద ఇసుక మాత్రం సన్నగా రాలుతున్నట్టు వినిపిస్తుంది. చాలా ఏళ్ళు పెట్రోలు కలిసొస్తుందనే అలా చేస్తున్నాననుకున్నాను. మనిషి తనకి తాను చెప్పుకునే కారణాలు ఎంత మర్యాదగా ఉంటాయో. పెట్రోలూ కాదు, గిట్రోలూ కాదు. ఇంజను చప్పుడు వినపడిందంటే నేను వచ్చేసినట్టు. వచ్చేసినట్టు తెలిస్తే అత్తగారి మాత్రలు, పొయ్యి మీద పెట్టవలసిన పాలు, దండెం మీద బట్టలు, అన్నీ లేచి నిలబడతాయి. చప్పుడు లేకుండా జారుతున్నంతసేపూ నేను ఆస్పత్రి నుంచి వచ్చేశాను, ఇంటికి ఇంకా రాలేదు. అప్పుడు నేను ఎవరికీ ఏమీ కాను. ఆ కాసింత దూరంలో నాకు గొప్ప ఆలోచనలేం రావు. ఎవరింటి గోడకో కొత్త రంగు వేశారని గమనిస్తాను, అంతే. కానీ గమనిస్తున్నది నేనే అని తెలుస్తూ ఉంటుంది.

ఈ పని మా ఆయనా చేస్తాడని ఒకరోజు కనిపెట్టాను. సాయంత్రం కారు తెచ్చి పెట్టాక ఆయన వెంటనే దిగడు. అద్దాలెత్తుకుని లోపలే కూర్చుంటాడు. ఇంజను చల్లబడే చప్పుడు వింటున్నానని చెబుతాడు. ఒకసారి టీ తీసుకుని కారు దగ్గరికే వెళ్ళాను. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు. ముఖంలో ఎవరికోసమూ ఏదీ పెట్టుకోలేదు. కొడుకు ముఖం కాదు, మొగుడి ముఖం కాదు, ఆఫీసులో నలుగురి చేత పనిచేయించే ముఖమూ కాదు. నాకు చప్పున సిగ్గేసింది, పరాయి మనిషి స్నానాల గదిలోకి తొంగిచూసినట్టు. అద్దం మీద తట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, టీ పట్టుకుని లోపలికొచ్చేశాను. ఆ రోజు ఆయన మీద కలిగినంత ప్రేమ నాకు ఆయన మంచి మాటలు చెప్పినప్పుడు కూడా కలగలేదు. ఇద్దరం ఒకే జాతి పక్షులం. తేడా ఒక్కటే. ఆయన అలా కూర్చుంటే అత్తగారు "పాపం అలిసిపోయి వచ్చాడు, కాసేపు ఉండనీ" అంటుంది. నేను గేటు దగ్గర బండి తుడుస్తూ నిలబడితే "ఎంతసేపే, కాళ్ళు గేటుకి అతుక్కుపోయాయా?" అంటుంది.

ఆ మధ్య వానలో జారి పడ్డాను. పెద్ద దెబ్బేం కాదు, మోకాలు చీరుకుపోయింది. ఎవరో ఫోను చేస్తే ఆయన కారేసుకుని వచ్చాడు. బురద కాళ్ళతో కారెక్కనివ్వని మనిషి, నన్ను ఎత్తి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. నెత్తురు సీటు మీద పడుతుంటే నేనే "అయ్యో, సీటు" అన్నాను. "సీటు సంగతి తర్వాత, నువ్వు కాలు చాపు ముందు" అన్నాడు. గొంతు వణికింది. ఆ వారం సెలవురోజున ఆ మరక మీద ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలుసు. నాకు మాత్రం ఒక్క మాట చెప్పలేదు. ఆ మరక పోయిందో లేదో గాని, నా బండికి రోజులు దగ్గరపడ్డాయి. పోయినవారం అన్నం తింటూ అన్నాడు, "ముసల్దాన్ని అక్క కూతురికి ఇచ్చేద్దామనుకుంటున్నా. పాపం రెండు బస్సులు మారి వెళుతోంది కాలేజీకి. నిన్ను ఇకనుంచి నేనే దింపుతాగా, నేనే తీసుకొస్తా."

ఆస్పత్రి ఆయన ఆఫీసుకి పూర్తిగా ఎదురు దిక్కు. అంత దూరం రోజూ చుట్టూ తిరిగి నన్ను దింపుతానంటున్నాడు. కారంటే ప్రాణం పెట్టే మనిషి, రద్దీలో కారుకి గీతలు పడతాయని తెలిసీ ఆ మాటంటున్నాడు. నాలో లేచింది కృతజ్ఞతో ఏడుపో తేల్చుకునేలోపల, "ఊఁ" అన్నాను. అన్నం వడ్డిస్తూ మనం అనే 'ఊఁ'లకి అర్థం ఉంటుందా? వినపడకుండా ఎత్తిన వేలు అది. కానీ ఇంట్లో అందరూ రాసేసుకున్నారు.

గుడ్డలు మడతపెట్టి బయటికి తీసుకెళ్ళేసరికి ఆయన కారు పని ముగించి నా బండి మీద పడ్డాడు. మేనకోడలికి ఇస్తున్నాం కదా, మురికిది ఇవ్వకూడదని. పైపు పెట్టి, సబ్బు పెట్టి, చక్రాల సందుల్లో పుల్లకి గుడ్డ చుట్టి మరీ తోముతున్నాడు. అద్దాల గుడ్డతో హెడ్‌లైటు తుడుస్తున్నాడు. అద్దాల గుడ్డ కారు దాటి ఇంకో వస్తువు మీదికి రావడం నేను చూడ్డం అదే మొదటిసారి. "చూడు, ఎలా తయారయిందో" అన్నాడు. నిజంగానే బావుంది. దాన్ని పంపించడానికి ముస్తాబు చేస్తున్నారు. కారుకిచ్చే మర్యాద దానికి పోయేముందు దక్కింది.

మా ఆడపడుచు, ఆవిడ కూతురు పదింటికి కాస్త అటూ ఇటూగా వచ్చారు. పిల్లని అందరం పిచ్చిక అంటాం. మనిషి చిన్నది, నోరు ఆగదు, ఎగురుతూ నడుస్తుంది. గేటు తీసింది 'ధడేల్'మని. ఆయన కనుబొమలు ఒకసారి కలిసి విడిపోయాయి.

"ఏమ్మా, మోకాలు ఎలా ఉంది?" అంది వదిన.

"తగ్గింది వదినా."

"ఆ బండి పీడ వదిలితే నీకూ సుఖం. రాణిలా కార్లో తిరుగు" అంది.

అత్తగారు వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది. "తాళం ఇవ్వరా దానికి, శుభమా అని" అంది. ఆయన తాళం పిచ్చిక చేతిలో పెట్టాడు. పిచ్చిక కిక్కు కొట్టింది. బండి కదల్లేదు. ఇంకోసారి కొట్టింది. "గట్టిగా తన్నవే, అన్నం తినలా?" అంది వాళ్ళమ్మ. పిచ్చిక కాలు జారి కిక్కు వెనక్కి తన్నింది. "అమ్మో, ఇది కరుస్తోంది మామయ్యా" అని పక్కకి తప్పుకుంది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి వచ్చాడు. కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెట్రోలు మూత తీసి, ఊపి, చెవి ఆనించి విన్నాడు. ఆయన కారు బానెట్టు కింద ఉండేవన్నీ అద్దంలా మెరుస్తాయి గాని, ఏది దేనికో ఆయనకి తెలీదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను, చేతిలో గిన్నెలు తుడిచే తువ్వాలు. ఏం జరిగిందో నాకు అర్థమైంది. కడగడం మీద భక్తి ఎక్కువై ఇంజను పక్కనంతా పైపు పెట్టాడు. ప్లగ్గు తడిసి ఉంటుంది. వానాకాలంలో నాకు నెలకోసారైనా జరిగేదే.

నేను చెప్పలేదు.

ఒక మధురమైన చల్లదనం ఒంట్లోకి పాకింది. ముసల్ది నా తరఫున మొండికేస్తోంది. నేను నోరు విప్పనక్కర్లేదు, చెడ్డదాన్ని కానక్కర్లేదు, ఎవరి మనసూ కష్టపెట్టనక్కర్లేదు, బండే వెళ్ళనంటోంది. ఆ చల్లదనం నాకు కొత్త కాదని అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో 'వద్దు' అన్నది నేను కాదు. కొన్ని ప్రయాణాలకి నా తలనొప్పి వద్దంది. కొన్ని చాకిరీలకి ఆస్పత్రి డ్యూటీ వద్దంది. కొన్నిటికి వాన వద్దంది. నేను ఎప్పుడూ వాటి వెనక, తెర వెనక పిల్లలా, ఊపిరి కూడా వినపడకుండా నిలబడ్డాను. నాకు ఏం కావాలో ఈ మనుషులకి తెలీదని నేను బాధపడుతూ వచ్చాను. వాళ్ళకి నా తలనొప్పి తెలుసు, నా డ్యూటీ తెలుసు. నన్ను వాళ్ళకి నేనెప్పుడు చూపించాను గనక.

"పోనీలేరా, స్టార్టు కాని బండి పిల్లకెందుకు, దారిలో ఇబ్బంది పడుతుంది" అంది వదిన. "పాత ఇనుం వాడికి వేసెయ్యి."

"అదే అనుకుంటున్నా. ఎలాగూ అక్కర్లేదుగా" అన్నాడు ఆయన, నడుం పట్టుకుని లేస్తూ.

నా మౌనం అక్కడికి తెచ్చింది దాన్ని.

పిచ్చిక మెట్టు మీద కూలబడి గొణుక్కుంది. "నేను బండి అడగలేదసలు. నాకు గేర్లంటే భయం. మామయ్య ఆఫీసు మా కాలేజీ ఎదురుగానే కదా, నన్ను కార్లో దింపెయ్యొచ్చు కదా అన్నా. అమ్మే వద్దంది."

"నేను వద్దనలేదు, మీ మామయ్యే గుటకలు మింగాడు. పోయినసారి నువ్వు తలుపేసిన చప్పుడికి రెండు రోజులు అన్నం సయించలేదు వాడికి" అంది వాళ్ళమ్మ.

"రోజూ రెండుసార్లంటే తలుపు ఊడి చేతికొస్తుందే అక్కా" అన్నాడు ఆయన నిజాయితీగా.

"నా చిన్న కోడలు నెల తిరక్కుండా పుట్టింటికి పోతుంది" అంది అత్తగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు సగంలో ఉండగా అర్థమైంది. కాలేజీ ఆయన ఆఫీసు ఎదురుగా. ఆయన రోజూ అటే వెళతాడు. కారులో మూడు సీట్లు ఖాళీ. అయినా ఆ తలుపు 'టప్' అనడం కోసం నా బండి ఇచ్చెయ్యడానికి నిశ్చయమైపోయింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆ తలుపునీ నా దారినీ తూకం వేసి చూశామని కూడా ఎవరికీ తెలీదు. వాళ్ళ కంటికి తక్కెడలో ఒకవైపు ఏమీ లేదు మరి. ఒకవైపు తలుపు ఉంది, రెండోవైపు నా 'ఊఁ' ఉంది.

మెట్లు దిగి బండి దగ్గరికి వెళ్ళాను.

"నీకెందుకు, మోకాలు నొప్పెడుతుంది. మెకానిక్కుని పిలుస్తాలే" అన్నాడు ఆయన.

"ప్లగ్గు తడిసింది, అంతే" అన్నాను. పక్క మూత తీసి, తీగ లాగి, సీటు కింద ఉండే పానాతో ప్లగ్గు ఊడదీసి తువ్వాలుతో తుడిచాను. నోటితో ఊదాను. ఎండలో కాసేపు పట్టుకున్నాను. ఆయన పక్కన వంగి, "నేనే తడిపేసినట్టున్నా" అన్నాడు మెల్లగా. బిగించి, బండిని కొంచెం పక్కకి వంచి, కిక్కు కొట్టాను. తెల్లటి పొగ వదిలి, రెండుసార్లు దగ్గి, అందుకుంది.

"అద్గదీ" అంది వదిన. "రావే, ఎక్కు. మీ అత్త స్టార్టు చేసి మరీ ఇస్తోంది."

పిచ్చిక భయం భయంగా లేచి రాబోయింది. అప్పటికే నేను ఎక్కి కూర్చున్నాను. ఎక్కాలని ముందు అనుకోలేదు, కాళ్ళకి తెలిసినట్టుంది.

"ఈ బండి నేను ఇవ్వను వదినా."

గట్టిగా అనలేదు. ఇంజను మీదుగా వినపడేంత, అంతకంటే వీసమెత్తు ఎక్కువ కాదు.

"ఏమిటీ?" అన్నాడు ఆయన. వినపడింది ఆయనకి. ఆ చెవులు నేను పరీక్ష చేసినవే.

"నా బండి నాకు కావాలండీ."

"మరి ఆవేళ ఊఁ అన్నావుగా?"

"అన్నాను. అనకుండా ఉండాల్సింది."

ఆయన ముఖంలో కోపం లేదు. దెబ్బ తగిలింది, ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నాడు. "నువ్వు పడ్డావనే కదా నేను..." అని ఆగిపోయాడు. ఆ ఆగిపోయిన చోట ఆయన గొంతు వానరోజున వణికినట్టే వణికింది. ఆ వణుకు వింటే నేను దిగిపోతానని నాకు తెలుసు. ఎన్నోసార్లు దిగిపోయాను. ఈసారి హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను.

"తెలుసండీ. మళ్ళీ పడినా పడతాను. పడితే మీరే వస్తారు, అదీ తెలుసు" అన్నాను. "మీరు కార్లో అద్దాలెత్తుకుని కూర్చుంటారే సాయంత్రం, అలా కూర్చోడానికి నాకు ఇదొక్కటే ఉంది. పిచ్చికని మీతో తీసుకెళ్ళండి. దారిలోనే కదా."

ఆయన నన్ను చూశాడు. నా భుజం మీదుగా కాదు, నన్నే. సాయంత్రాలు తనని చూశానని అప్పుడే తెలిసింది ఆయనకి. చెవుల దగ్గర కాస్త ఎర్రబడ్డాడు. వదిన వాళ్ళమ్మ వైపు చూసింది. అత్తగారు కుర్చీలో సర్దుకుని, "అది నోరెత్తిందంటే నిజంగానే కావాలన్నమాట. దాని బండి దానికి వదిలెయ్యండర్రా" అంది.

"మామయ్యా, తలుపు మెల్లగా వేస్తా. ఒట్టు" అంది పిచ్చిక.

ఆయన కారు వైపు తిరిగాడు. ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టబోయే మనిషిలా దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. తర్వాత పిచ్చికతో, "సీట్లో ఏమీ తినకూడదు. తడి గొడుగు డిక్కీలో పెట్టాలి. కాళ్ళు బయట దులుపుకుని ఎక్కాలి" అన్నాడు. ఒప్పుకున్నాడన్నమాట. పిచ్చిక అప్పుడే కారు దగ్గరికి పరిగెత్తింది, సాధన చెయ్యడానికి. 'ధబ్'మంది. "అరచెయ్యి, అరచెయ్యి ఆనించాలి" అంటూ ఆయన ఆ వెనకే వెళ్ళాడు. వెళుతూ నా బండి దగ్గర ఒక్క క్షణం ఆగి, అద్దం మీద మిగిలిన నీటిచుక్కని బొటనవేలితో తుడిచాడు.

"ఇంతకీ ఎక్కి కూర్చున్నావు, ఎక్కడికే?" అంది అత్తగారు.

ఆ ప్రశ్నకి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది. ఆస్పత్రికి. మందులకి. కూరలకి. జవాబు లేకుండా నేను ఈ గేటు దాటిన రోజు లేదు. ఇప్పుడు వెతికాను, దొరకలేదు. పొయ్యి మీద ఏమీ లేదు, సంచీ తేలేదు, చేతిలో తడి తువ్వాలు ఒక్కటే ఉంది. దాన్ని అత్తగారి కుర్చీ చేతి మీద వేశాను.

"తెలీదత్తయ్యా" అన్నాను.

గేరు వేసి, క్లచ్చు వదిలాను.